కొన్ని కీలే పనిచేయడం లేదా? ముందు ఏవి పోయాయో కాగితం మీద రాసుకోండి

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. లాప్‌టాప్ కొని మూడేళ్లయింది. వారం నుంచి 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్ కీలు పలకడం లేదు, మిగతావన్నీ మామూలుగానే పడుతున్నాయి. మొదట్లో గట్టిగా నొక్కితే పడేవి, తర్వాత పూర్తిగా ఆగిపోయాయి. డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి కీబోర్డ్ డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేశారు, మార్పేమీ లేదు. తెలిసినాయన విండోస్ మళ్లీ ఎక్కించమన్నారు. రిపేర్ చేసే అతను మదర్‌బోర్డ్ పోయిందన్నాడు. ఎవరి మాట వినాలో తెలియడం లేదని అడిగారు.

ప్రస్తుతానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. పోయిన కీలు ఏవో పేరుపేరునా రాశారు కదా, సగం జవాబు అందులోనే ఉంది. కీబోర్డ్ మీద ఆ నాలుగూ ఎక్కడున్నాయో ఒకసారి చూడండి. 2 కింద డబ్ల్యూ, దాని కింద ఎస్, దాని కింద ఎక్స్. పైనుంచి కిందికి, కొంచెం ఏటవాలుగా, ఒకే వరుసలో ఉన్నాయి. విండోస్‌లో ఏదైనా చెడితే సరిగ్గా ఒక వరుసను ఎంచుకుని చెడదు. ఇలాంటి సమస్య ఉన్న ఎవరికైనా నేను మొదట చెప్పేది ఒకటే: ఏ కీలు పోయాయి, ఏ తీరులో పోయాయి అన్నది చూడకుండా డబ్బు ఖర్చు పెట్టకండి, స్క్రూలు విప్పకండి.

డ్రైవర్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. డ్రైవర్ అన్నది కీబోర్డ్ మొత్తానికి ఒకటే. లోపలి కంట్రోలర్ పంపిన కోడ్‌ను తీసుకుని విండోస్‌కు అందించడమే దాని పని. ఎస్ కోడ్ ఒక దారిలో, డి కోడ్ ఇంకో దారిలో రావు. అందుకని డ్రైవర్ పాడైతే కీబోర్డ్ మొత్తం మూగబోతుంది, లేదా మొత్తం వింతగా ప్రవర్తిస్తుంది. నాలుగు కీలు పోయి మిగతావి చక్కగా పనిచేస్తుంటే డ్రైవర్ జోలికి వెళ్లనక్కర్లేదు. ఎవరైనా కీ మార్పిడి సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక కీని ఇంకో పనికి మళ్లించి ఉంటే మాత్రం ఒకటి రెండు కీలు పోయినట్టు కనిపించవచ్చు. అలాంటిది పెట్టిన గుర్తుంటే దాన్ని ఆపి చూడండి, అంతే.

లోపల ఏముందో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చాలా లాప్‌టాప్‌లలో కీల కింద మూడు పల్చటి ప్లాస్టిక్ షీట్లు ఉంటాయి. పై షీట్ మీద, కింది షీట్ మీద వెండి కలిసిన సిరాతో గీతలు అచ్చు వేసి ఉంటాయి. మధ్య షీట్‌లో ప్రతి కీ కింద ఒక రంధ్రం. కీ నొక్కగానే రబ్బర్ బుడిపె అణిగి, పై గీత ఆ రంధ్రంలోంచి కింది గీతను తాకుతుంది. వేలు తీయగానే విడిపోతుంది. అయితే ఒక్కో కీకి విడిగా రెండు తీగలు లాగాలంటే ఎనభై పైచిలుకు కీలకు ఎక్కడ చోటు? అందుకే గీతలను అడ్డంగా, నిలువుగా వల అల్లినట్టు అమరుస్తారు. 8 అడ్డ గీతలు, 16 నిలువు గీతలు ఉంటే 128 కూడళ్లు వస్తాయి, అన్ని కీలకూ సరిపోతాయి. ఈ గీతలన్నీ ఒక పల్చటి రిబ్బన్ కేబుల్‌గా మదర్‌బోర్డ్‌కు చేరతాయి. అక్కడున్న చిన్న కంట్రోలర్ చిప్ ఒక్కో గీతనూ ఆగకుండా తడుముతూ, ఏ కూడలి దగ్గర రెండు గీతలు కలిశాయో కనిపెడుతుంది.

దీంతో మీ నాలుగు కీల సంగతి తేలిపోతుంది. వీధిలో కరెంటు లైన్ ఒకచోట తెగితే ఆ లైన్ మీదున్న ఇళ్లన్నీ చీకటైనట్టు, ఒక నిలువు గీత తెగితే దాని మీదున్న కీలన్నీ ఒకేసారి పోతాయి. గీతల అమరిక అన్ని మోడళ్లలో ఒకేలా ఉండదు. చాలా కీబోర్డ్‌లలో మాత్రం 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్ ఒకే గీత మీద ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఒకే గీత మీది కీలు చూడటానికి దూరదూరంగా ఉంటాయి, ఒకటి ఎడమ చివర, ఒకటి బ్యాక్‌స్పేస్ పక్కన. చూసేవాళ్లకు సంబంధం లేనట్టు కనిపించినా, అలా నాలుగైదు కీలు ఒకే రోజు కలిసి పోతే ఉమ్మడి గీత ఉందనే అనుకోవాలి.

మిగతా తీరులు కూడా చెబుతాను, ఇదే సమస్యతో వచ్చి చదివేవాళ్లకు పనికొస్తుంది. ఒకే ఒక్క కీ పోయి, దాని చుట్టుపక్కలవి బాగుంటే ఆ కీ కింద మురికి చేరిందో, రబ్బర్ బుడిపె అరిగిందో, కీ కొక్కెం విరిగిందో అయి ఉంటుంది. ఒక కీ నొక్కితే రెండు అక్షరాలు పడుతుంటే రెండు గీతలు ఎక్కడో కలిసిపోయాయి, దాదాపు ఎప్పుడూ లోపలికి తడి వెళ్లడమే కారణం. నొక్కకుండానే ఒక అక్షరం వరసగా పడిపోతుంటే ఆ కూడలి అతుక్కుపోయింది. అక్షరాల బదులు అంకెలో గుర్తులో వస్తుంటే అది రిపేర్ పని కాదు, సెట్టింగ్ పని. మొత్తం కీబోర్డ్ ఒక్కసారిగా పోతే సెట్టింగ్, డ్రైవర్, కేబుల్, కంట్రోలర్ అన్నీ అనుమానితులే, వాటిలో తేలికైనదాని నుంచి మొదలుపెట్టాలి.

ఇక పరీక్ష. పైన చెప్పినదాన్ని ఖాయం చేసుకోవడానికి విండోస్ లేనిచోట కీలు నొక్కి చూడాలి. లాప్‌టాప్ ఆన్ చేయగానే బయోస్ సెటప్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందే తెరుచుకునే లాప్‌టాప్ సొంత సెట్టింగ్‌ల తెరలోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో సాధారణంగా ఎఫ్2, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్10, లెనోవోలో మోడల్‌ను బట్టి ఎఫ్1 లేదా ఎఫ్2. ఆ కీయే పోయి ఉంటే విండోస్ సెట్టింగ్స్‌లో రికవరీ కింద అడ్వాన్స్‌డ్ స్టార్టప్ ద్వారా కూడా వెళ్లవచ్చు. బయోస్‌లో బాణం కీలు తప్ప పెద్దగా ఏమీ వాడనివ్వరు కదా, మరి అక్షరాలు ఎలా పరీక్షించాలి అంటారా? సెక్యూరిటీ పేజీలో పాస్‌వర్డ్ పెట్టే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని తెరిచి అనుమానమున్న కీలను ఒక్కొక్కటే నొక్కండి. నొక్కినప్పుడల్లా ఒక చుక్క పడితే కీ పనిచేస్తున్నట్టే. మీ విషయంలో డి నొక్కితే చుక్క పడి, ఎస్ నొక్కితే పడకపోతే విండోస్ నిర్దోషి అని తేలిపోయింది. అయిపోగానే ఎస్కేప్ కొట్టి, ఏమీ సేవ్ చేయకుండా బయటికి రండి. ఇది మరిచిపోవద్దు. పొరపాటున పాస్‌వర్డ్ సేవ్ అయితే, అదీ పనిచేయని కీలతో, తీయడం పెద్ద తలనొప్పి.

బయోస్ అంటే భయంగా ఉంటే విండోస్ బదులు నడిచే లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్ డ్రైవ్ మీద నుంచి నడిపి అక్కడ టైప్ చేసి చూడండి, అదీ అంతే నమ్మకమైన పరీక్ష. హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు, ఇన్‌స్టాల్ అని ఉన్నదాన్ని మాత్రం నొక్కకండి.

విండోస్ లోపల పరీక్షించాలంటే వేరే సాఫ్ట్‌వేర్ దించుకోనక్కర్లేదు. విండోస్ కీ, కంట్రోల్, ఓ (O) మూడూ కలిపి నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది. మీరు అసలు కీబోర్డ్ మీద ఏ కీ నొక్కితే తెర మీద అది మెరుస్తుంది. దీనితో ఇంకో లాభం ఉంది. చేయి తీసేశాక కూడా తెర మీద కంట్రోలో షిఫ్టో మెరుస్తూనే ఉంటే ఒక కీ ఇరుక్కుపోయిందన్నమాట. ఎఫ్ఎన్ కీ మాత్రం చాలా లాప్‌టాప్‌లలో కంట్రోలర్ దగ్గరే ఆగిపోతుంది, విండోస్ దాకా రాదు, కాబట్టి అది మెరవలేదని కంగారు పడకండి. యూఎస్‌బీ కీబోర్డ్ ఒకటి తగిలించి కూడా చూడండి. దాని మీద ఎస్ సరిగ్గా పడితే విండోస్ వైపు దారి బాగున్నట్టే.

సెట్టింగ్‌ల వల్ల వచ్చే చిక్కులు మీకు వర్తించవు గానీ, మిగతావాళ్ల కోసం చెబుతాను, ఎందుకంటే కీబోర్డ్ పోయిందని తెచ్చేవాటిలో నిజంగా పోనివి తక్కువేమీ కాదు. కుడి షిఫ్ట్‌ను 8 సెకన్లు నొక్కి పట్టుకుంటే విండోస్‌లో ఫిల్టర్ కీస్ ఆన్ చేయమంటారా అని అడుగుతుంది. ఏదో ఆలోచిస్తూ షిఫ్ట్ మీద వేలు ఉంచి, వచ్చిన పెట్టెకు ఓకే కొట్టేస్తారు. ఆ తర్వాత మామూలుగా టక్కున నొక్కితే కీ పడదు, కాసేపు పట్టుకుంటేనే పడుతుంది. చూసేవాళ్లకు అచ్చం కీలు మొరాయిస్తున్నట్టే ఉంటుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో కీబోర్డ్‌కు వెళ్లి దాన్ని ఆపండి, స్టిక్కీ కీస్ కూడా ఆపే ఉందో లేదో చూడండి. విడిగా అంకెల గళ్లు లేని చిన్న కీబోర్డ్‌లలో నమ్ లాక్ పడితే యు, ఐ, ఓ కీలు 4, 5, 6 అవుతాయి, జె, కె, ఎల్ కీలు 1, 2, 3 అవుతాయి. తెలుగు టైపింగ్ పెట్టుకున్నవాళ్లకు విండోస్ కీ, స్పేస్ కలిపి పడితే భాష మారిపోయి పాస్‌వర్డ్ తప్పంటుంది. లాగిన్ తెర మీద కింద మూల భాష గుర్తు ఉంటుంది, అది చూడండి. గేమింగ్ లాప్‌టాప్‌లలో ఆట మధ్యలో అడ్డు రాకుండా విండోస్ కీని ఆపే తాళం ఉంటుంది, సాధారణంగా ఎఫ్ఎన్‌తో కలిపి విండోస్ కీ నొక్కితే పడేది, అదే మళ్లీ నొక్కితే పోయేది. ఎఫ్ వరుస వాల్యూమ్, వెలుగు పనులు మాత్రమే చేస్తుంటే ఎఫ్ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కి చూడండి.

వెనక్కి మడిచి టాబ్లెట్‌లా వాడే లాప్‌టాప్‌ల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. తెర ఒక కోణం దాటి వెనక్కి వెళ్లగానే కీబోర్డ్ తనంతట తాను ఆగిపోతుంది, చేతిలో పట్టుకున్నప్పుడు వెనక కీలు నొక్కుకోకుండా ఈ ఏర్పాటు. ఆ కోణాన్ని కనిపెట్టడానికి చాలా మోడళ్లలో అయస్కాంతం, సెన్సర్ వాడతారు. లాప్‌టాప్ అంచు మీద అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ పెట్టినా, ఒక లాప్‌టాప్ మీద ఇంకోటి పెట్టి పనిచేసినా సెన్సర్ మోసపోతుంది. కీబోర్డ్, టచ్‌ప్యాడ్ రెండూ కలిసి పోయి, యూఎస్‌బీ కీబోర్డ్ మాత్రం పనిచేస్తుంటే ముందు అక్కడి నుంచి తీసి ఖాళీ బల్ల మీద పెట్టి చూడండి.

మొత్తం కీబోర్డ్ పోయినప్పుడు ఇంకో పని కూడా విప్పకముందే చేయాలి, కంట్రోలర్‌ను పూర్తిగా ఆపి లేపడం. లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, బ్యాటరీ బయటికి వచ్చేదైతే అదీ తీసి, పవర్ బటన్ 15 నుంచి 30 సెకన్లు నొక్కి పట్టండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, లోపలి స్థితిని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. అందుకే రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పోని చిక్కు ఒక్క రీస్టార్ట్‌తో పోతుంది. ఇక బయోస్ అప్‌డేట్ చేయాలనుకుంటే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) 48 అంకెల రికవరీ కీ మీ దగ్గర ఉందని ఖాయం చేసుకున్నాకే చేయండి.

ఇరుక్కుపోయిన కీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని పట్టుకోవడం కష్టం, పట్టుకున్నాక బాగుచేయడం చాలావరకు తేలిక. కంట్రోల్ కీ కింద బిస్కెట్ తునక చేరి అది సగం అణిగి ఉందనుకోండి. అప్పుడు ఎస్ కొడితే సేవ్ పెట్టె వస్తుంది, డబ్ల్యూ కొడితే బ్రౌజర్ ట్యాబ్ మూసుకుపోతుంది, కొన్ని అక్షరాలకు ఏమీ జరగదు. వాడేవాళ్లకు పదిహేను కీలు పోయినట్టనిపిస్తుంది, నిజానికి పోయినది ఒక్కటి. అదీ పోలేదు, లేవడం లేదంతే. ఈ చిక్కు యూఎస్‌బీ కీబోర్డ్ పెట్టినా పోదు. లోపలి కంట్రోల్ నొక్కే ఉంది కాబట్టి బయటి కీబోర్డ్ మీద కొట్టిన ఎస్‌కు కూడా అది కలుస్తుంది. దాంతో బయటి కీబోర్డ్‌లోనూ ఇదే ఉంది కాబట్టి విండోసే పాడైంది అని తప్పు దారి పడతారు. మామూలు అక్షరం కీ ఇరుక్కున్నా ఇబ్బందే. ఒక చదరానికి మూడు మూలలు నొక్కి ఉంటే నాలుగోది కూడా నొక్కినట్టే గీతల వలలో కనిపిస్తుంది. ఆ అయోమయం రాకుండా కంట్రోలర్ అలాంటి నొక్కులను వదిలేస్తుంది. ఒక కీ ఎప్పుడూ నొక్కే ఉంటే, వేగంగా టైప్ చేసేటప్పుడు దాని గీతల మీది వేరే కీలు అప్పుడప్పుడూ ఎగిరిపోవడానికి ఇదే కారణం. అందుకని పలకని కీలను చూసే ముందు, వేలితో ఒక్కొక్క కీనీ మెల్లగా తడిమి, మిగతావాటి కంటే కిందికి ఉన్నది, మెత్తగా అనిపించేది, టక్కున లేవనిది ఏదైనా ఉందా చూడండి.

శుభ్రం చేయడానికి మొదట లాప్‌టాప్ ఆపి ఛార్జర్ తీయండి. నిలువుకు కాస్త తక్కువగా, సుమారు 75 డిగ్రీల వాలులో పట్టుకుని, గాలి డబ్బాతో ఎడమ నుంచి కుడికి కొట్టండి. తర్వాత పక్కకు తిప్పి పట్టుకుని మళ్లీ కొట్టండి. డబ్బాను నిటారుగానే ఉంచాలి. వంచితే చల్లని ద్రవం చిమ్మి లోపలికి పోతుంది. దుమ్ము, తునకలు అయితే చాలావరకు దీనితోనే పోతాయి.

అప్పటికీ లేవకపోతే కీ పైమూత తీయాలి. తొందరపడే చోటు ఇదే. మూత కింద రెండు చిన్న తెల్లని ప్లాస్టిక్ చట్రాలు కత్తెరలా ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. వాటి చివర్లు లోహపు పలక మీది కొక్కేలకు తగిలి ఉంటాయి. గోరుతోనో పల్చటి ప్లాస్టిక్ ముక్కతోనో ఒక మూల మెల్లగా ఎత్తితే చిన్న టక్కు శబ్దం వస్తుంది, తర్వాత పక్క మూల. నాలుగు మూలలూ ఒకేసారి పీకితే ఆ చట్రం చెవి విరుగుతుంది, విరిగితే ఆ కీ ఇక కుదురుగా కూర్చోదు. ఎటు వైపు నుంచి ఎత్తాలన్నది మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మీ మోడల్ వీడియో చూశాకే మొదలుపెట్టండి. స్పేస్, ఎంటర్, షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ లాంటి పెద్ద కీల కింద సన్నని లోహపు కడ్డీ కూడా ఉంటుంది. అవసరమైతే తప్ప వాటి జోలికి పోవద్దు. మూత తీశాక రబ్బర్ బుడిపె మీద గీరకండి. 90 శాతానికి పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లను ముంచి, పిండినంత తడితో, బుడిపె చుట్టూ తుడవండి. బాగా ఆరాక, మూత తిరిగి పెట్టే ముందు లాప్‌టాప్ ఆన్ చేసి బుడిపెను వేలితో నొక్కి చూడండి. అక్షరం పడితే తప్పు మూతలో ఉంది. పడకపోతే తప్పు కింది షీట్లలో ఉంది, ఇక ఎంత తుడిచినా ప్రయోజనం ఉండదు.

ఒలికిన టీ, కాఫీ, కూల్‌డ్రింక్‌ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒలికిన క్షణంలో చేయాల్సింది ఒకటే: పవర్ బటన్ నొక్కి పట్టి ఆపేయడం, ఛార్జర్ లాగేయడం. ఫైల్ సేవ్ చేద్దామని ఆగకండి. తెరను విప్పి, లాప్‌టాప్‌ను గుడారంలా తలకిందులుగా నిలబెట్టండి, తడి వచ్చిన దారినే కిందికి కారాలి. హెయిర్ డ్రయర్ వేడి గాలి కొట్టవద్దు. ప్లాస్టిక్ షీట్లు వంకర పోతాయి, తడి ఇంకా లోపలికి జరుగుతుంది. బియ్యంలో పెట్టడం వల్ల లాభం లేదు, పిండి రేణువులు కూడా చేరతాయి. వీలైతే ఆ రోజే విప్పించి బ్యాటరీ తీయించి శుభ్రం చేయించండి. ఆరబెట్టి రెండు రోజుల తర్వాత ఆన్ చేస్తే అన్నీ పనిచేశాయి, ఇక ఏం పర్వాలేదు అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు. చక్కెర, పాలు ఉన్న ద్రవం షీట్ల మధ్య చిక్కుకుపోతుంది. అక్కడ వెండి గీతలు మెల్లగా నల్లబడి, సన్నబడి, ఒక రోజు తెగుతాయి. మొదట గట్టిగా నొక్కితే పడటం, తర్వాత పూర్తిగా పోవడం ఇలా తినేయబడుతున్న గీత తీరే. మీరు కూడా సరిగ్గా అదే రాశారు. ఈ మధ్య ఎప్పుడైనా, వారాల కిందటైనా సరే, కాస్త ఒలికిందేమో గుర్తు తెచ్చుకోండి, ఇంట్లోవాళ్లను కూడా అడగండి.

ఇంకో అనుమానం తప్పక తీర్చుకోవాలి. లాప్‌టాప్ మూసి బల్ల మీద పెట్టి చూడండి. అడుగు సమంగా ఆనకుండా ఊగుతోందా, టచ్‌ప్యాడ్ ఒక పక్క లేచిందా, కీబోర్డ్ మధ్యలో ఉబ్బినట్టుందా? అలా ఉంటే బ్యాటరీ ఉబ్బి కింది నుంచి కీబోర్డ్‌ను తోస్తోంది. అప్పుడు కీల గురించి ఆలోచించకండి. ఛార్జింగ్ ఆపి, వాడటం ఆపి, బ్యాటరీ మార్పించండి. దాన్ని నొక్కి సమం చేయాలని చూడటం, గుచ్చడం ప్రాణాపాయం, మంటలు రావచ్చు.

ఇప్పుడు మీ లాప్‌టాప్ దగ్గరకు వద్దాం. ఒక గీత తెగింది అనుకుంటే అది తెగగల చోట్లు మూడు. కీబోర్డ్ షీట్ లోపల, రిబ్బన్ కేబుల్ దగ్గర, మదర్‌బోర్డ్ మీద. ఇవి చెడే అవకాశం కూడా ఇదే వరుసలో తగ్గుతూ పోతుంది. నొక్కులు తినేది, తడి తగిలేది షీటే కాబట్టి ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. మదర్‌బోర్డ్‌లో ఒకే ఒక్క గీత పోవడం అసాధ్యమని అనను, కనెక్టర్ దగ్గర తడి చేరితే పోవచ్చు. కానీ కీబోర్డ్ మార్చి చూడకుండా మదర్‌బోర్డ్ పోయిందని తేల్చడం సరికాదు. మీకు అలా చెప్పిన అతన్ని ఒకే ప్రశ్న అడగండి: వేరే కీబోర్డ్ తగిలించి చూశారా? చూడలేదంటే ఆ మాటను లెక్కలోకి తీసుకోకండి.

వారంటీ ఉంటే విప్పకండి, నేరుగా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. ద్రవం ఒలికిన నష్టం మామూలు వారంటీలో రాదు, ప్రమాదాలకు విడిగా తీసుకున్న రక్షణ ఉంటేనే వస్తుంది. మూడేళ్లయింది అన్నారు కాబట్టి వారంటీ ముగిసి ఉంటుందనుకుని చెబుతున్నాను. విప్పడం అలవాటున్నవారైతే కింది మూత తీసి మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. ఇది చేయకుండా మరే తీగా ముట్టుకోవద్దు. కీబోర్డ్ రిబ్బన్ రెండు వేళ్ల వెడల్పున, చివర సన్నని గీతలతో కనిపిస్తుంది. అది దూరిన కనెక్టర్‌కు నల్లటిదో తెల్లటిదో సన్నని రెప్ప ఉంటుంది. కొన్నిటిలో ఆ రెప్పను గోటితో పైకి ఎత్తాలి, కొన్నిటిలో రెండు చివరలూ ముందుకు జరపాలి. రెప్ప విడవకుండా రిబ్బన్ లాగితే కనెక్టర్ విరుగుతుంది, అప్పుడు నిజంగానే మదర్‌బోర్డ్ పని పడుతుంది. రిబ్బన్ బయటికి వచ్చాక చివరి గీతలను వెలుతురులో పట్టి చూడండి. ఒక గీత మీద నల్ల మచ్చో, గీరుకుపోయిన గుర్తో కనిపిస్తే దొంగ దొరికినట్టే. మచ్చే అయితే ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక, ఏమాత్రం వంకర లేకుండా చివరిదాకా దూర్చి రెప్ప మూయండి. కింద పడిన లాప్‌టాప్‌లలో, ఇంతకు ముందు ఎవరైనా విప్పిన లాప్‌టాప్‌లలో ఒక్కోసారి ఇంతటితోనే బాగవుతుంది. రిబ్బన్ ఒక వైపు వెంట్రుకవాసి బయటికి జరిగి ఉండటమే ఆ చిక్కు.

అలా బాగవకపోతే కీబోర్డ్ మార్చడమే మార్గం. షీట్లు విడదీసి తెగిన గీతకు వెండి సిరా పూసే పద్ధతి ఉంది గానీ, షీట్లు ఒకదానికొకటి అతికి ఉంటాయి, విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చోవడం కష్టం. రోజూ పనిచేసుకునే లాప్‌టాప్‌కు నేను దాన్ని సూచించను. కీబోర్డ్ కొనేటప్పుడు లాప్‌టాప్ పేరు చెబితే చాలదు. పాత కీబోర్డ్ వెనక స్టిక్కర్ మీదున్న పార్ట్ నంబర్ చూసి కొనండి, ఎంటర్ కీ ఆకారం, బ్యాక్‌లైట్ ఉందా లేదా, రిబ్బన్ ఎటు వైపు ఉంది, అన్నీ సరిపోల్చండి. బ్యాక్‌లైట్‌కు విడిగా ఇంకో చిన్న కేబుల్ ఉంటుంది. పవర్ బటన్ కీబోర్డ్‌లోనే కలిసి ఉన్న మోడళ్లలో కీబోర్డ్ రిబ్బన్ తీసేస్తే లాప్‌టాప్ ఆన్ చేసే దారే ఉండకపోవచ్చు, అది కూడా ముందే చూసుకోండి.

శ్రమ ఎంత అన్నది మోడల్ మీద ఆధారపడుతుంది. కొన్ని పాత లాప్‌టాప్‌లలో నాలుగు స్క్రూలు తీస్తే కీబోర్డ్ పైనుంచే వస్తుంది. ఇప్పటి పల్చటి వాటిలో కీబోర్డ్‌ను పై చట్రానికి పదుల కొద్దీ ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికిస్తారు. వాటిని కోసి, కొత్తది పెట్టి, మళ్లీ కరిగించి బిగించడం ఓపికతో కూడిన పని. సరిగ్గా బిగించకపోతే టైప్ చేస్తుంటే మధ్యలో ఎగిరెగిరి పడుతుంది. అలాంటివాటికి చేతులు వాలే చట్రంతో సహా మొత్తం పై భాగం మార్పించుకోవడం ఖరీదైనా కుదురుగా ఉంటుంది. మాక్‌బుక్‌లు వాడేవారికి ఒక మాట: 2015 నుంచి 2019 వరకు వచ్చిన చాలా మాక్‌బుక్ మోడళ్లలో బటర్‌ఫ్లై రకం కీలు ఉన్నాయి. అవి చాలా పల్చన, చిన్న దుమ్ము కణానికే మొరాయిస్తాయి. వాటి మూతలు ఇంట్లో తీయవద్దు. గాలి కొట్టి చూడండి, కుదరకపోతే సర్వీస్‌కే ఇవ్వండి.

కీబోర్డ్ వచ్చేదాకా పని ఆగకూడదు కదా. యూఎస్‌బీ కీబోర్డ్ అన్నిటికంటే సుఖం. అది లేకపోతే తెర మీది కీబోర్డ్. పాస్‌వర్డ్‌లో డబ్ల్యూనో ఎస్సో ఉండి లాగిన్ దగ్గరే ఆగిపోతే, లాగిన్ తెర కింద కుడి మూలన ఉన్న యాక్సెసిబిలిటీ గుర్తు నొక్కితే అక్కడ కూడా తెర కీబోర్డ్ వస్తుంది, మౌస్‌తో కొట్టవచ్చు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కీబోర్డ్ మేనేజర్ అని ఉంది. మీరు ఎప్పుడూ వాడని ఒక కీని ఎస్‌గా మార్చుకోవచ్చు. ఇన్‌సర్ట్, కుడి ఆల్ట్ లాంటివి అందుకు బాగుంటాయి. అయితే అది లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది, పాస్‌వర్డ్ దగ్గర అక్కరకు రాదు. నాలుగు కీలకూ ఇలా చేసుకుంటే గందరగోళం, బాగా వాడేవి ఒకటి రెండు మార్చుకుని మిగతావి తెర మీద కొట్టడం నయం.

ఈ రాత్రికి బయోస్ పరీక్ష ఒక్కటి చేయండి. అక్కడ కూడా ఆ నాలుగూ పడకపోతే రేపు రిపేర్ అతని దగ్గరకు వెళ్లి, 2, డబ్ల్యూ, ఎస్, ఎక్స్ ఒకే గీత మీద పోయినట్టున్నాయి, ముందు రిబ్బన్ తీసి తుడిచి పెట్టి చూడండి, తర్వాత వేరే కీబోర్డ్ తగిలించి చూడండి అని ఈ వరుసలోనే చెప్పండి. కొత్త కీబోర్డ్‌తో కూడా అవే నాలుగు పోతే మాత్రం తప్పు కనెక్టర్‌లోనో కంట్రోలర్‌లోనో ఉన్నట్టు. అప్పుడు కూడా బోర్డు మొత్తం మార్చనక్కర్లేదు, బోర్డు మీద కనెక్టర్ మార్చగలవారి చేత చూపించండి. బయోస్‌లో నాలుగూ చక్కగా పడితే నేను చెప్పినదంతా మీకు వర్తించదు. అలాగైతే మీ లాప్‌టాప్ మోడల్, విండోస్ వెర్షన్, కీ మార్పిడి సాఫ్ట్‌వేర్ ఏమైనా ఉందా అన్నది రాయండి, అక్కడి నుంచి చూద్దాం.